కారు ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తోందా? ముందు నీరు ఎక్కడ ఆగిందో వెతకండి

మూడేళ్ల కిందట, వానాకాలంలో మా నాన్నగారిని రాజమండ్రి నుంచి విశాఖపట్నం తీసుకెళ్తున్నాను. ఆయనకు ఆస్తమా ఉంది. ఏసీ వేసిన రెండు నిమిషాలకే దగ్గు మొదలైంది. అన్నవరం ఇంకా రానే లేదు, "ఒరేయ్, ఆ అద్దం దించరా, తడి గోనెసంచి ముక్కుకి కట్టినట్టుంది" అన్నారు. బయట జల్లు పడుతున్నా అద్దాలు దించుకునే వెళ్లాం. ఆ వాసన పోవాలని అప్పటికే రెండుసార్లు ఏసీ గ్యాస్ పట్టించాను. డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా కూడా పెట్టాను. వాసన మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం అన్నీ విప్పి చూశాను. వైపర్ల కింద గుప్పెళ్ల కొద్దీ కుళ్లిన వేపాకు ఉంది. ఏసీ గాలిని వడకట్టే ఫిల్టర్ నల్లగా మారింది. ఎడమవైపు మ్యాట్ ఎత్తితే కార్పెట్ తడిగా ఉంది. మూడు చోట్లా ఉన్నది ఒకటే, ఆరని నీరు. అప్పటి నుంచి ఎవరి కారులో ఈ వాసన వచ్చినా నేను ముందు నీటినే వెతుకుతాను. ఆ వెతుకులాట ఎలా చేయాలో, శుభ్రం ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను.

అసలు ఏం జరుగుతోంది

మన కార్లలో ఎక్కువగా ఎడమవైపు గ్లోవ్ బాక్స్ వెనక, డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ ఉంటుంది. దగ్గరదగ్గరగా పేర్చిన పల్చటి అల్యూమినియం రేకుల కట్ట అది. చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట చెమట పట్టినట్టే, గాలిలోని తేమ ఈ రేకుల మీద నీటిబొట్లుగా మారుతుంది. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా నీరు పడుతుంది. ఏసీ నడుస్తున్నప్పుడు కాయిల్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. అందుకే కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో కారు ఆపిన చోట చిన్న మడుగు కడుతుంది.

ఆ నీరు కింద ఉన్న పళ్లెంలోకి జారి, రబ్బరు గొట్టం గుండా రోడ్డు మీద పడాలి. కానీ ఇంజిన్ ఆపాక రేకుల సందుల్లో కొంత తడి మిగిలిపోతుంది. దానికి దుమ్ము తోడవుతుంది. చీకటి, తడి, దుమ్ము ఒకచోట ఉంటే బూజుకీ బ్యాక్టీరియాకీ ఇంకేం కావాలి? మర్నాడు ఏసీ వేయగానే ఆ రేకుల మీదుగా వచ్చే గాలే మన ముఖానికి తగులుతుంది. కాయిల్ పూర్తిగా తడిశాక వాసన తగ్గినట్టు అనిపిస్తుంది. దాంతో మనం దాని సంగతి మర్చిపోతాం.

ఇక గ్యాస్ సంగతి. అది మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. మనం పీల్చే గాలికి తగలదు. చల్లదనం తగ్గితే గ్యాస్ చూపించుకోండి. ముక్కిన వాసనకు మాత్రం గ్యాస్ పట్టించడం మందు కాదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మొదటి పని: అది ఏ వాసనో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. రాత్రంతా మూసి ఉంచిన కారును పొద్దున్నే తెరిచి, ఇంజిన్ వేయకముందే ఒకసారి వాసన చూడండి. అప్పుడే వాసన వస్తే తడి కార్పెట్‌లోనో సీట్లలోనో ఉండొచ్చు. తర్వాత ఏసీ వేయకుండా ఫ్యాను మాత్రమే తిప్పండి. అప్పుడు వస్తే ఫిల్టర్‌ని, కాయిల్‌ని, గాలి వచ్చే దారిని అనుమానించాలి. చివరగా ఏసీ వేసి చూడండి, అప్పుడు మాత్రమే వస్తే కాయిల్‌నే అనుమానించాలి.

వాన తడికి ఆరని బట్టల వాసన, పాత బియ్యపు డబ్బా వాసన, తడి సాక్సు వాసన వస్తే అది బూజు. ఈ వ్యాసం దాని గురించే. మిగిలిన వాసనలకు దారులు వేరు.

తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం లోపలివైపు జిగురు పొరలాంటిది పడుతుంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, కారుతోందని అర్థం. హీటర్‌కి వెళ్లే భాగంలో లీకు ఉంటుంది. అది విషం, నేరుగా మెకానిక్‌కి చూపించండి. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే వెంటనే ఫ్యాను ఆపేయండి, ఎక్కడో వైరింగ్ వేడెక్కుతోంది. పెట్రోలు వాసనో సైలెన్సర్ పొగ వాసనో లోపలికి వస్తుంటే ఆ కారు నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, అదే దానితో పెద్ద ప్రమాదం. కుళ్లిన మాంసం వాసన వస్తే లోపల ఎలుకో తొండో చచ్చి ఉంటుంది.

ఎలుక గురించి ఒక మాట. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే కార్లలోకి ఇవి బానెట్ కింద నుంచి దూరి, లోపలికి గాలి కొట్టే ఫ్యాను (బ్లోయర్) దాకా వెళ్లి గూడు కడతాయి. ఫిల్టర్ తీసినప్పుడు నమిలిన కాగితాలు, పీచు, పెంటికలు కనిపిస్తే చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకండి. పొడిగా ఊడవకండి. క్రిమినాశినితో తడిపి, తుడిచి, కవర్లో కట్టి పారేయండి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి.

రెండో పని: తడి వెతకడం

ముందు సీట్ల కింద, కాళ్లు పెట్టుకునే చోట మ్యాట్లు తీసేయండి. కార్పెట్ మీద పాత వార్తాపత్రిక మడతపెట్టి, దాని మీద అరచేత్తో గట్టిగా నొక్కండి. కాగితం తడిసిందంటే కింద నీరుంది. పైన పొడిగా అనిపించినా నమ్మకండి. కార్పెట్ అడుగున ఉండే మందపాటి స్పాంజి నీటిని వారాల తరబడి పట్టుకుని ఉంటుంది.

ఎడమవైపు ముందు భాగం మాత్రమే తడిగా ఉంటే ఎక్కువసార్లు ఏసీ నీటి గొట్టం మూసుకుపోయి ఉంటుంది. బయటికి పోవాల్సిన నీరు లోపలికి కారుతుంది. కారు కడిగాకో వాన పడ్డాకో మాత్రమే తడి వస్తే తలుపు రబ్బర్లు, వైపర్ల కింది భాగం, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు చూపించాలి. నీటికి రంగూ జిగురూ ఉంటే అది కూలెంట్. రుచి మాత్రం ఎప్పుడూ చూడకండి.

కార్పెట్ తడిసి ఉంటే కాయిల్ జోలికి వెళ్లే ముందే దాన్ని ఆరబెట్టాలి. తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ జాగ్రత్తగా లాగి, కార్పెట్ అంచు ఎత్తి, కింద ఇటుకముక్కో చెక్కముక్కో పెట్టండి. స్పాంజి కింద పాత తువ్వాళ్లు దూర్చి నీరు పీల్చండి. ఎండలో తలుపులన్నీ తెరిచి, టేబుల్ ఫ్యాను లోపలికి తిప్పి పెట్టండి. మా కారుకు పూర్తిగా రెండు ఎండలు పట్టింది. ఒక్క జాగ్రత్త: సీటు కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లను కదపకండి, అవి ఎయిర్‌బ్యాగువి.

వరదలో మునిగిన కారైతే ఇదంతా చాలదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. సెకండ్ హ్యాండ్ కారు కొన్న మొదటి రోజు నుంచీ బురద వాసన వస్తుంటే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో మట్టి చార ఉంటే ఆ కారు నీట మునిగిందనే అనుకోవాలి.

మూడో పని: నీటి గొట్టం, వైపర్ల కింది చెత్త

ఉక్కగా ఉన్న రోజున ఏసీ 15 నిమిషాలు నడిపి, కారు కింద చూడండి. బొట్లు పడాలి. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తక్కువ పడితే కంగారు పడకండి. వానాకాలంలో కూడా ఒక్క చుక్క పడకపోతే గొట్టం మూసుకుందని అనుమానించండి.

ఆ గొట్టం వేలి లావున, నల్ల రబ్బరుతో, ఇంజిన్ గదికీ కేబిన్‌కీ మధ్య గోడ దగ్గర కిందకి వేలాడుతుంటుంది. దాని కోసం జాకీ మీద ఎత్తిన కారు కిందకి దూరకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. షెడ్డులో ర్యాంపు మీద ఎక్కించి చేయించుకోండి, పది నిమిషాల పని. మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా కదిపితే బురద ముద్ద, ఆకు ముక్కలు, ఒక్కోసారి పురుగు గూడు బయటపడతాయి. స్క్రూడ్రైవర్, ఇనుప చువ్వ దూర్చనివ్వకండి, పైనే కాయిల్ ఉంటుంది. దానికి చిల్లు పడితే వేలల్లో ఖర్చు.

తర్వాత బానెట్ తెరిచి, ముందు అద్దం కింద వైపర్లు ఉండే జాలీ చూడండి. బయటి గాలి లోపలికి వచ్చే దారి అదే. చెట్టు నీడన పెట్టే కారైతే అక్కడ వేపాకు, కానుగ పూలు, కొబ్బరి పీచు పేరుకుంటాయి. చేత్తో తీసేయండి, అందనివి వాక్యూమ్‌తో లాగండి. నీళ్ల పైపుతో కొట్టకండి, చెత్త ఇంకా లోపలికి పోతుంది.

నాలుగో పని: ఫిల్టర్

చాలా కార్లలో ఇది గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. పెట్టె ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి జారుతుంది. కొన్నింటికి పక్కన చిన్న దారమో కడ్డీయో ఉంటుంది, ముందు అది విడదీయాలి. వెనక సన్నటి ప్లాస్టిక్ మూత, దాని లోపల ఫిల్టర్ ఉంటాయి. తీసేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసుకోండి, కొత్తది కూడా అటే పెట్టాలి. కొన్ని పాత చిన్న కార్లలో ఫిల్టర్ అసలు ఉండదు. అలాంటి వాటిలో దుమ్మంతా నేరుగా కాయిల్ మీదకే పోతుంది.

కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడిగి మళ్లీ పెట్టొద్దు. ఆరినట్టు కనిపించినా మడతల్లో చెమ్మ ఉంటుంది, బూజు అక్కడే మళ్లీ మొదలవుతుంది. కొత్తది కొన్ని వందల రూపాయలకే వస్తుంది. ఏడాదికి ఒకసారో, 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకు ఒకసారో మార్చండి. దుమ్ము రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లు ఇంకా ముందే మార్చాలి.

బొగ్గు పొర ఉన్న ఖరీదైన ఫిల్టర్ వేస్తే వాసన పోతుందని షాపుల్లో చెబుతారు. అది బయటి లారీ పొగ, డ్రైనేజీ వాసన తగ్గించడానికి మంచిదే. కానీ గాలి ముందు ఫిల్టర్‌ను దాటి, ఆ తర్వాతే కాయిల్‌కు చేరుతుంది. కాయిల్ దగ్గర పుట్టే వాసనను ముందే దాటిపోయిన ఫిల్టర్ ఎలా ఆపుతుంది? కాయిల్ శుభ్రం చేయకుండా దానికి డబ్బు పెట్టకండి. కొత్త ఫిల్టర్ ఇప్పుడే బిగించకండి, కింది పని అయ్యాకే.

అయిదో పని: కాయిల్ శుభ్రం చేయడం

ఎక్కువ ఓపిక కావాల్సిన పని ఇదే. ఏసీ కాయిల్ కోసమే తయారయ్యే నురగ స్ప్రే, సన్నటి పొడుగు గొట్టంతో సహా, కారు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. డబ్బా మీద కారు ఏసీకి అని రాసి ఉందో లేదో చూసుకోండి. బ్లీచింగ్, యాసిడ్, బాత్‌రూం క్లీనర్ వాడకండి. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి, వాటి ఆవిరి మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. వెనిగర్ కూడా ఆమ్లమే, నేనైతే కాయిల్ మీద వాడను.

కారును ఆరుబయట నీడలో పెట్టి, ఇంజిన్, తాళం రెండూ ఆపేయండి. తలుపులు తెరవండి. మాస్కు, గ్లౌజులు వేసుకోండి. స్ప్రేలో మండే వాయువు ఉంటుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. కార్పెట్ మీద పాత తువ్వాలు పరవండి.

ఫిల్టర్ తీసిన ఖాళీలోకి ఫోను టార్చి వేసి చూడండి. లోపల రేకులు నేరుగా కనిపిస్తే మీ అదృష్టం, గొట్టాన్ని వాటి వైపు తిప్పి పైనుంచి కిందకి, ఒక పక్క నుంచి మరో పక్కకి నురగ కొట్టొచ్చు. రేకులు కాకుండా ఫ్యాను చక్రం కనిపిస్తే నురగ అందులో కుమ్మరించకండి, కింద మోటారు ఉంటుంది. అలాంటి కార్లలో కింది నీటి గొట్టంలోంచి నురగ పైకి ఎక్కిస్తారు, లేదంటే బ్లోయర్ దగ్గరి చిన్న విడిభాగం తీసి ఆ రంధ్రంలోంచి కొడతారు. చేయి తిరిగినవాళ్లే చేయాల్సిన పని అది. తెలియకపోతే స్ప్రే మీరే కొని ఇచ్చి, మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడండి. ఏ రంధ్రంలోంచి కొడుతున్నాడో చూస్తే మరోసారి మీకే తెలుస్తుంది.

నురగ కొట్టాక 15 నుంచి 20 నిమిషాలు ఆగండి, డబ్బా మీద వేరే సమయం రాసి ఉంటే అదే పాటించండి. నురగ కరిగి దుమ్మును కిందకి లాగుతుంది. కారు కింద మురికి నీరు బొట్లు బొట్లుగా పడాలి. మా కారులోంచి కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఇన్నాళ్లూ నాన్నగారు పీల్చింది దీని మీదుగా వచ్చిన గాలేనా అని చాలా బాధపడ్డాను. ఏమీ పడకపోతే అక్కడితో ఆపండి. గొట్టం మూసుకునే ఉందన్నమాట, ముందు అది తెరిపించాలి.

తర్వాత ఇంజిన్ వేసి, లోపల ఎవరూ లేకుండా, అద్దాలు దించి, ఏసీ బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టి ఫ్యాను తిప్పండి. మొదట తక్కువలో, రెండు నిమిషాల తర్వాత ఎక్కువలో. ఆపైన ఏసీ వేసి 10 నిమిషాలు నడపండి. రేకుల మీద కొత్తగా పట్టే నీరు మిగిలిన మందును కడిగేస్తుంది. చివరగా ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడిలో 10 నిమిషాలు నడిపితే కాయిల్ ఆరుతుంది. హీటర్ లేని బండికి ఫ్యాను ఒక్కటే అరగంట తిప్పండి. అంతా ఆరాక కొత్త ఫిల్టర్ బిగించండి.

మూసిన కారులో పెట్టి వదిలేసే పొగ డబ్బాలు కూడా ఉన్నాయి. లోపలి గాలి తిరిగే బటన్ వేసి, ఫ్యాను తిప్పి, డబ్బా నొక్కి బయటికి వచ్చేస్తే దాని ఆవిరి ఏసీ దారులన్నింట్లో తిరుగుతుంది. శుభ్రం చేసిన తర్వాత పై మెరుగుకు అది సరిపోతుంది. పేరుకుపోయిన మురికిని మాత్రం కరిగించలేదు. కొన్ని షాపుల్లో ఓజోన్ యంత్రం పెడతారు. ఓజోన్ ఊపిరితిత్తులకు చెరుపు. చేయిస్తే కారును గంటసేపైనా తలుపులు తెరిచి ఉంచి, ఆ తర్వాతే ఎక్కండి. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ రోజు ఎక్కించుకోకండి.

డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కాయిల్ బయటికి తీయాలని ఎవరైనా మొదటి రోజే చెబితే ఒప్పుకోకండి. పైన చెప్పినవన్నీ చేసి, నురగ రెండుసార్లు కొట్టినా వాసన ఉంటేనే అది ఆలోచించాలి. విప్పి బిగించాక ప్లాస్టిక్ భాగాలు గతుకుల్లో కిటకిటలాడే అవకాశం ఉంది, పైగా గ్యాస్ కూడా మళ్లీ పట్టాలి.

పోయిందో లేదో ఎలా తెలుస్తుంది

ఆ రాత్రి కారు మూసి ఉంచి, మర్నాడు పొద్దున మొదట చెప్పినట్టే మూడు దశల్లో వాసన చూడండి. వరసగా మూడు పొద్దులు చూడండి. స్ప్రే వాసన మొదటి రోజు కొద్దిగా ఉంటుంది, దాన్ని లెక్క చేయకండి. అన్ని రోజులూ దాని మధ్య ఉండే మన ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి కారు ఎక్కని వాళ్లెవరినైనా ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మా ఇంట్లో ఆ పని మా అత్తయ్య చేసింది.

మళ్లీ రాకుండా

చేరాల్సిన చోటు ఇంకా 5 నిమిషాల దూరం ఉందనగానే ఏసీ బటన్ ఆపేసి, ఫ్యాను అలాగే ఉంచి, బయటి గాలి వచ్చేలా మార్చండి. కాయిల్ మీది తడి చాలావరకు దారిలోనే ఆరిపోతుంది. మొదటి వారం మర్చిపోతారు, తర్వాత చెయ్యి తనంతట తానే బటన్ మీదకి వెళ్తుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్నవాళ్లు మొత్తం ఆపకుండా ఏసీ బటన్ ఒక్కటే ఆపాలి. కొన్ని కొత్త కార్లు ఆపిన కాసేపటికి వాటంతట అవే ఫ్యాను తిప్పి కాయిల్ ఆరబెడతాయి. ఆ శబ్దం విని టెన్షన్ పడకండి, రిపేరు కాదు.

లోపలి గాలే తిరిగే బటన్‌ను ట్రాఫిక్‌లో, పొగలో వాడుకోండి. రోజంతా అదే ఉంచితే మన ఊపిరి తేమ, తడి గొడుగుల తేమ లోపలే తిరుగుతుంటాయి.

వాసన కప్పడానికి కలరా ఉండలు సీటు కింద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఎండలో మూసిన కారులో వాటి ఆవిరి చిక్కగా నిండుతుంది. పసిపిల్లలకు, ముఖ్యంగా పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీసే ప్రమాదం. ఉంటే ఈరోజే తీసేయండి. సెంటు సీసాలు అంత ప్రమాదం కాకపోయినా, ఆస్తమా ఉన్నవాళ్లకు ఘాటు సువాసన కూడా దగ్గు తెప్పిస్తుంది.

నేను ఏడాదిలో రెండుసార్లు గ్లోవ్ బాక్స్ విప్పుతాను. మే చివర్లో, నైరుతి రుతుపవనాలు రాకముందే వైపర్ల కింది ఆకులు తీసి, నీటి గొట్టం చూపించి, నురగ కొడతాను. వానలు వెళ్లిపోయాక కొత్త ఫిల్టర్ వేస్తాను, కోస్తాలో వానలు అక్టోబరు, నవంబరు దాకా ఉంటాయి కాబట్టి మాకు అది డిసెంబరులో పడుతుంది.